నైలునది వరద - ఈజిప్టు సేద్యము



నేడు నేను మనవి చేయబూనిన విషయము నైలునది వరదయు, దానిని నమ్ముకొని ప్రాచీన ఈజిప్టు ప్రజలు మూడువేల సంవత్సరములకు పైగా సాగించిన సేద్యమును. దూరదేశపు ముచ్చట మనకేల యని కొందఱు తలపవచ్చును. చెఱువుకట్టమీద నిలిచి, నీటిమట్టము చూచి, ఆ యేటి పంటను మనస్సులో లెక్కకట్టుకొను వారు మీరు. వేలయేండ్ల క్రిందట ఈజిప్టు గ్రామములలోని పెద్దలును ఆ పనియే చేయుచుండిరి. కావున ఈ కథ మీకు వెంటనే బోధపడగలదు.

గ్రీకు చరిత్రకారుడగు హెరొడోటసు క్రీస్తునకు పూర్వము 5వ శతాబ్దమున ఈజిప్టులో సంచరించి, ఆ దేశము నది యిచ్చిన కానుక యను నర్థము వచ్చునట్లు వ్రాసెను. ఆ మాట లోకమంతట వ్యాపించినది. అందు సగము సత్యము. నది నీరు తెచ్చెను, ఒండ్రుమట్టి తెచ్చెను. కాని గట్టు వేసినది, కొలత వ్రాసినది, మంచియేట గింజ దాచినది మనుష్యుడు. ఈ రెండవ సగమును మీకు చూపవలెనని నా సంకల్పము.

మొదట ఆ దేశపు స్వరూపము తెలిసికొందము. ఆఫ్రికాఖండమునకు ఈశాన్యమున నున్న ఈజిప్టులో వాన మిక్కిలి యరుదు. కైరో నగరమున సంవత్సరమంతయు కురియునది సుమారు 25 మిల్లీమీటర్లు మాత్రమే. దక్షిణమున ఆస్వాను ప్రాంతమున అదియును లేదు. ఇరువైపుల ఎడారి, నడుమ నది, నది నంటి సన్నని పచ్చని పట్టె. ఆ పట్టె వెడల్పు కొన్నిచోట్ల రెండు మూడు కిలోమీటర్లు, కొన్నిచోట్ల ఇరువది కిలోమీటర్లు. ఉత్తరమున సముద్రము చేరునప్పుడు మాత్రము నది పాయలుగా చీలి విశాలమగు డెల్టాను ఏర్పఱచినది. సాగగు భూమిని ఆ ప్రజలు తమ భాషలో కెమెట్, అనగా నల్లనేల యనిరి. ఎడారిని దెష్రెట్, అనగా ఎఱ్ఱనేల యనిరి. తమ దేశమునకు పెట్టుకొన్న పేరును నల్లనేల యనియే. నల్లరేగడి దున్నిన రైతునకు ఈ పేరులోని మక్కువ వేఱుగా చెప్పనక్కఱలేదు.

నేను పాఠశాలలో ఈ పాఠము చెప్పిన ప్రతిసంవత్సరమును పిల్లలలో ఎవడో యొకడు లేచి, "పంతులుగారూ, వాన లేని దేశమునకు వరద యెక్కడనుండి వచ్చునండీ?" అని అడుగుచుండెడివాడు. చక్కని ప్రశ్న. ఆ వరద దూరమునుండి వచ్చును. ఇథియోపియా పర్వతభూములలో జూను మొదలు సెప్టెంబరు వఱకు పెద్దవానలు కురియును. మనకు నైరృతి ఋతుపవనములు వీచు కాలమే యది. ఆ నీరు నీలనైలు, అత్బరా యను నదులగుండ ఒండ్రుమట్టితో కలిసి నైలులోనికి దిగును. తెల్లనైలు అను మఱియొక శాఖ మధ్య ఆఫ్రికాలోని మహాసరస్సుల ప్రాంతమునుండి వచ్చుచు, వేసవియందు సైతము నదిని ఎండిపోనీయక కాపాడును. వరద జూను నెలాఖరున ఆస్వానువద్ద తల చూపి, సెప్టెంబరు మొదట పూర్ణముగా పొంగి, అక్టోబరు, నవంబరు మాసములలో తీయుచుండెడిది. మండుటెండలలో, ఆకసమున మబ్బుతునకయైన లేకుండ నది పొంగుటను చూచి ప్రాచీనులు విస్మితులైరి. ఆ వరదను హాపి యను దేవతగా భావించి, నిండుపొట్టతో, చేతులలో పండ్లు ధాన్యములతో బొమ్మలు గీసి పూజించిరి.

వారి సంవత్సరమునకు ఋతువులు మూడు. ఒక్కొక్కటి నాలుగు మాసములు. మొదటిది అఖెత్, వరదకాలము. రెండవది పెరెత్, నీరు తీసి నేల బయటపడి పైరు మొలచు కాలము. మూడవది షెము, కోతకాలము. వరద రాకకు ఆకసమున ఒక గుఱుతుండెడిది. మన జ్యౌతిషికులు లుబ్ధకము అను నక్షత్రము సుమారు డెబ్బది దినములు కనబడకుండ మఱుగుపడి, ఒకనాటి తెల్లవాఱుజామున సూర్యోదయమునకు ముందు తూర్పున మెఱయును. ఆ దర్శనము వరదవేళకు దగ్గఱగా నుండుటచే, అదియే వారికి నూతనసంవత్సర సూచనయైనది. వారి లౌకికసంవత్సరమునకు 365 దినములే గాని, మిగిలిన పాతిక దినమును సరిపెట్టుటకు మన అధికమాసము వంటి యేర్పాటు లేకపోయెను. అందుచే పంచాంగము ఏండ్లు గడచినకొలది వెనుకకు జరుగుచుండెను. సేద్యగాడు మాత్రము పంచాంగమును విడిచి నక్షత్రమును, నదిని చూచి విత్తెను. కార్తెలు చూచి విత్తు మన రైతులకు ఈ సంగతి సులువుగా తెలియును.

ఇక వరదను వారు పట్టిన విధము వినుడు. నదీతీరపు మైదానమును మట్టిగట్లతో పెద్దపెద్ద మడులుగా విభజించిరి. మన వరిమడి సెంట్లలో నుండును. వారి మడి వందల యెకరములు, ఒక్కొక్కచోట వేల యెకరములు. నది పొంగినప్పుడు కాలువ నోరు త్రవ్వి మొదటి మడిలోనికి నీరు వదలుదురు. అది నిండిన పిమ్మట గట్టు తెఱచి, పల్లమున నున్న రెండవదానికి, దానినుండి మూడవదానికి పంపుదురు. నీరు నిలువెడు లోతునకు కొంచెము తక్కువగా, నలుబది మొదలు అఱువది దినముల వఱకు మడిలో నిలుచును. ఆ కాలమున గ్రామములు మెరకదిబ్బలమీద ద్వీపములవలె నిలిచి, ఊరినుండి ఊరికి జనులు పడవలమీదనో గట్లవెంటనో నడచుచుండిరి. నది తీసినప్పుడు నిలిచిన నీటిని మరల నదిలోనికి వదలిపెట్టుదురు.

నీరు పోయిన పిమ్మట మిగులునది పలుచని బురదపొర. నూఱు సంవత్సరములలో ఆ మేట సుమారు 10 సెంటీమీటర్ల యెత్తు పేరుకొనెనని లెక్క. ఆ పొరయే వారి ప్రధానమగు ఎరువు. అంతకంటె సూక్ష్మమగు లాభమును గలదు. అంతకాలము నిలిచి, పిదప వెడలిపోవు నీరు భూమిలోని చౌడును కడిగి తీసికొనిపోవును. వేసవిలో నేల బీటలువాఱి గాలి తగిలి విశ్రాంతి పొందును. అందువలననే ఏటేట పంట తీసినను ఆ భూమి వేలయేండ్లు చౌడుపాఱలేదు. అదే కాలమున మెసపొటేమియా దేశమున, అనగా నేటి ఇరాకు దక్షిణభాగమున, నీరు పాఱించి వెలికి పంపు దారి చాలక పొలములు చౌడెక్కినవి. గోధుమ తగ్గి, చౌడును కొంత యోర్చు యవలే హెచ్చుగా పండవలసివచ్చెను. నీరు పెట్టుట సగము సేద్యము, నీరు తీయుట మిగిలిన సగము అని ఈ రెండు దేశముల చరిత్ర చెప్పుచున్నది.

బురద పదును తప్పకమునుపే విత్తవలెను. లోతుదుక్కి అక్కఱలేదు. తేలికనాగలితో గీసియో, గుద్దలితో గడ్డలు కొట్టియో గింజ చల్లి, గొఱ్ఱెలమందను తోలి త్రొక్కించుచుండిరి. గోధుమజాతిలో ఎమ్మరు అను పొట్టుగోధుమ, యవలు, చిఱుశనగవంటి పప్పుధాన్యములు, నారకును నూనెకును అవిసె ముఖ్యపు పంటలు. మన గోదావరీకృష్ణల లంకభూములలో వరద తీసిన వెంటనే మెట్టపైరులు వేయు పద్ధతికి ఇది చాల దగ్గఱ. తోటలకు నీరు ఎత్తుటకు సుమారు మూడువేల మూడువందల సంవత్సరముల క్రిందట ఒక సాధనము వారి సమాధిచిత్రములలో కనబడును. నిలువుగుంజపై అడ్డదూలము, ఒకకొనను మట్టిముద్ద బరువు, మఱియొకకొనను బాన. చూచినవారు ఇది మన యేతామే యందురు.

వరద తీసిన పిమ్మట ఒక చిక్కు కలదు. బురద క్రింద హద్దులు మాయమగును. అప్పుడు రాజోద్యోగులు ముళ్లు వేసిన త్రాడులతో వచ్చి పొలములు కొలిచెదరు. మెన్నా యను నుద్యోగి సమాధిగోడమీద ఈ త్రాటికొలత చిత్రము నేటికిని చూడనగును. గ్రీకుల రేఖాగణితము ఈ పొలముల కొలతనుండియే పుట్టినదని హెరొడోటసు తలచెను. మన వైదికులు యజ్ఞవేదికలను త్రాటితో కొలిచి శుల్బసూత్రములు రచించిరి, శుల్బమనగా త్రాడే. మనకు యాగశాలలో పుట్టిన గణితము వారికి బురదపొలములో పుట్టినది.

ఇంతవఱకు విన్నవారు, ఆ ప్రజల భాగ్యమే భాగ్యమనుకొందురేమో! అట్లు కాదు. వరద ఏటేట ఒక్కతీరున రాదు. తక్కువైన మెరకమడులు తడియవు. ఎక్కువైన గట్లు తెగి, ఊళ్లు మునిగి, విత్తుటకు వేళ తప్పును. అందుచే వారు నదిని కొలుచుటకు మొదలుపెట్టిరి. నదిలోనికి దిగు మెట్లమీద, రాతిగోడమీద గీతలు చెక్కి మట్టము చదువుచుండిరి. ఆస్వానువద్ద ఎలిఫాంటైను ద్వీపమునందలి నైలుమానము నేటికిని నిలిచియున్నది. వారి కొలతలు మూర, బెత్త, అంగుళము. ఏడు బెత్తలు ఒక రాజమూర, నాలుగు అంగుళములు ఒక బెత్త. రాజమూర సుమారు 52 సెంటీమీటర్లు. ఇటలీదేశమున పలెర్మో నగరపు ప్రదర్శనశాలలో ఒక నల్లరాతి శకలమున్నది. దానిమీద తొలి రాజవంశముల ఏటేటి వరద యెత్తులు మూరలలోను, బెత్తలలోను, అంగుళములలోను చెక్కబడియున్నవి. నాలుగువేల నాలుగువందల సంవత్సరములనాటి శిల యది.

రోమను పండితుడగు ప్లినీ క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఈ కొలతల ఫలము చెప్పెను. పండ్రెండు మూరలైన కఱవు, పదుమూడైనను కొఱతయే, పదునాలుగైన సంతోషము, పదునైదైన నిబ్బరము, పదునాఱైన పండుగ యని ఆయన మాటల సారాంశము. కఱవునకును పండుగకును నడుమ భేదము నాలుగు మూరలే! కైరోవద్ద రోడా ద్వీపమున క్రీస్తుశకము 861లో ఖలీఫా అల్ ముతవక్కిలు కాలమున కట్టిన నైలుమానస్తంభమును చూచియే తరువాతి పాలకులు ఆ యేటి శిస్తు నిర్ణయించిరి. కొలత రాజునకు శిస్తుకై పనికివచ్చినను, అది రైతునకును రక్షణయే. నీరు తక్కువైన యేట నిండుశిస్తు కోరుట అన్యాయమని రాతిమీది గీత తానే సాక్ష్యము పలుకును.

తక్కువ వరద ఎంతటి బాధయో రెండు నిదర్శనములు చెప్పెదను. క్రీస్తునకు పూర్వము 2100 ప్రాంతమున దక్షిణఈజిప్టులో అంఖ్తిఫి యను మండలాధిపతి యుండెను. మొఅల్లాయందలి తన సమాధిగోడమీద, దేశమంతయు ఆకటితో అలమటించుచుండగా తన మండలమున నెవ్వరిని ఆకలిచావు చావనీయలేదనియు, ఇతరపట్టణములకును ధాన్యము పంపితిననియు వ్రాయించుకొనెను. కోటలు పట్టితినని చెప్పుకొను రాజులకంటె గింజలు పంచితినని చెప్పుకొన్న ఈ అధికారి నాకు గౌరవపాత్రుడుగా తోచును.

రెండవవాడు మీవంటి గృహస్థు. హెకనఖ్తు అని పేరు. ఒక మంత్రి సమాధిని అర్చించు పూజారి, భూములు కలవాడు. సుమారు నాలుగువేల సంవత్సరముల క్రిందట పొరుగూరనుండి ఇంటికి వ్రాసిన ఆయన జాబులు 1920 దశకపు మొదట థీబ్సు నగరపు పడమటి కొండలలో అమెరికా పరిశోధకులకు దొరకినవి. ఆ యేడు వరద చాలలేదు. ఇంటిలో నెవరెవరికి ఎంతెంత గింజ కొలవవలెనో పేరుపేరున వ్రాసి, కొలత తగ్గించినందుకు గొణుగవద్దని మందలించుచున్నాడు. సగము కడుపుతో బ్రదుకుట పూర్తిగా చచ్చుటకంటె మేలని నచ్చచెప్పుచున్నాడు. నీరు బాగుగా ఎక్కిన పొలము చూచి కౌలునకు పట్టుమని పెద్దవానికి ఆజ్ఞ. చిన్నవానిని మాత్రము నొప్పింపవద్దని వేడికోలు. ఇంటిపెద్దకు నాలుగువేల సంవత్సరముల క్రిందట నున్న దిగులు నేటికిని మాఱలేదు!

ఆ నదికిని మన దేశమునకును ఆకసమార్గమున నిజమగు బంధమొకటి కలదు. పసిఫికు మహాసముద్రపు నీరు అసాధారణముగా వేడెక్కు సంవత్సరములలో, అనగా ఎల్ నినో యని శాస్త్రజ్ఞులు పిలుచు సంవత్సరములలో, తఱచుగా మన ఋతుపవనములును, ఇథియోపియా వర్షములును కూడ బలహీనపడును. మన పూర్వులు ధాత కఱవు అని చెప్పుకొన్న మహాక్షామము 1876లో మొదలై 1878 వఱకు మదరాసు రాజధానిని దహించెను. ఆ నడిమి 1877 సంవత్సరముననే నైలు వరద ఆ శతాబ్దమునకెల్ల మిక్కిలి తక్కువ వరదలలో నొకటిగా వచ్చి, ఎగువఈజిప్టున పొలములు ఎండినవి. ఇచ్చట చెఱువులు ఎండిననాడే అచ్చట మడులు తడియలేదు.

ఇట్టి దేశమున గట్టు కాపాడుట ఒక్కరి పని కాజాలదు. ఎగువమడి గట్టు తెగిన దిగువమడి మునుగును. ఎగువవాడు నీరు బిగించిన దిగువవాడు ఎండును. రాజులు పంపులు వేసికొనినను, గట్ల కాలువల పని రాజధానినుండిగాక ఎక్కడికక్కడ స్థానికముగానే నడచెనని నేటి పరిశోధకులలో పెక్కుమంది తలచుచున్నారు. రాజవంశములు ముప్పది మాఱినవి. పారసీకులు, గ్రీకులు, రోమనులు, అరబ్బులు వచ్చిరి. మడుల సేద్యము మాత్రము ఆగలేదు. దాని నిలుకడకు మూలమైన ధర్మము ఒకటి వారి ప్రేతగ్రంథమున కనబడును. చచ్చినవాడు న్యాయసభలో నిలిచి తాను చేయని పాపములను ఏకరువు పెట్టవలెను. హత్య, దొంగతనము, తప్పుతూకము మొదలగువానితోపాటు, పాఱవలసిన కాలమున నీటిని అడ్డగించుటయు ఆ పాపములలో చేర్పబడినది. నీటికట్టు తగవు నరహత్యతో నొకవరుసన నిలిచినదన్నమాట.

ఆ వరద నేడు లేదు. 19వ శతాబ్దమునుండి రెండుకార్ల పంటలకొఱకు ఆనకట్టలు లేచినవి. 1902లో ఆస్వానువద్ద మొదటి ఆనకట్ట పూర్తియైనది. దాని రూపకర్త విలియం విల్కాక్సు మన దేశమున పుట్టి రూర్కీ కళాశాలలో చదివినవాడు. వృద్ధాప్యమున ఆయన కలకత్తాకు వచ్చి, వంగదేశపు పూర్వుల వరదసేద్యమును ప్రశంసించుచు ఉపన్యసించుట గమనింపదగినది. 1960లో మొదలై 1970లో పూర్తియైన మహా ఆనకట్ట నైలునదిని సంపూర్ణముగా అదుపులోనికి తెచ్చినది. నీటి నిలువ మొదలైన 1964 పిమ్మట ఈజిప్టు పొలములు పూర్వపు వరదను చూడలేదు. లాభము చిన్నది కాదు. 1980 దశకమున ఇథియోపియా ఘోరక్షామమున కుమిలినప్పుడు, జలాశయపు నిలువనీరే ఈజిప్టును కాపాడినది. విద్యుచ్ఛక్తి వచ్చినది. నష్టమును కలదు. ఒండ్రుమట్టి జలాశయము అడుగున నిలిచిపోవుచున్నది. రైతు ఎరువు కొనుచున్నాడు. వెలికి పోవు నీరు చాలనిచోట్ల చౌడు పైకి వచ్చుచున్నది. మట్టి రాక డెల్టా అంచును సముద్రము కోయుచున్నది. ఎగువన ఇథియోపియా 2011లో నీలనైలుపై మొదలిడిన మహాసేతువునకు 2025 సెప్టెంబరున ప్రారంభోత్సవము చేసినది. దానివలన దిగువదేశములతో వాదము రేగినది. నీటిని ఏ కాలమున, ఎంత ఆపవచ్చును అను ఆ ప్రాతప్రశ్నయే మరల వచ్చినది.

పెద్దలారా, ఆనకట్టలు వలదని చెప్పుట నా యుద్దేశము కాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరి డెల్టాకు అన్నము పెట్టినదని మనమెఱుగుదుము. నేను కోరునది చిన్నపని. మీ గ్రామపు చెఱువు తూమురాతిమీద మూరలు, బెత్తలు గుఱుతులు చెక్కించుడు. ప్రతిసంవత్సరము నీరు ఏ గీత ముట్టినదో, ఏ దినమున ముట్టినదో, కట్ట ఎచ్చట జాఱినదో, ఎన్ని యెకరములు పండినవో ఒక పుస్తకమున వ్రాయించుడు. బడిపిల్లలచేత వ్రాయించినచో వారికి గణితమును వచ్చును, ఊరును తెలియును. పదేండ్ల లెక్క చేతనున్న గ్రామము తగవువచ్చినప్పుడు కేకలు వేయనక్కఱలేదు; పుస్తకము తెఱచి చూపిన చాలును. దిగువపొలము వానికి రావలసిన నీరు ఎంతయో ఆ పుస్తకమే చెప్పును. పూడిక ఎంత పెరిగినదో కూడ అదియే చెప్పును.

ఈజిప్టు రాజుల బంగారము దొంగలపాలైనది. వరద యెత్తులు చెక్కిన ఆ నల్లరాతి శకలము మాత్రము నేటికిని మనకు ఆనాటి లెక్క చెప్పుచున్నది. మన చెఱువులకును అట్టి లెక్క యుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను. స్వస్తి.